తీగలో దిగిన సూది

ఆ వారంలో టైలరక్క రెండు చొక్కాలు పాడుచేసింది. ఒకదానికి కుడి చెయ్యి ఎడమ వైపు కుట్టింది. రెండోదానికి కాలరు తిరగేసి కుట్టి, ఇస్త్రీ కూడా చేసి, మడతపెట్టబోతూ గానీ చూసుకోలేదు. ముప్పై ఏళ్ళుగా కళ్ళు మూసుకుని కుట్టే చెయ్యి అది. భర్త లారీ డ్రైవరు. ఇంట్లో ఉండేదే వారానికి రెండు రోజులు. ఆ రెండు రోజుల్లోనూ ఆమె కూర్చున్నచోట కూర్చోలేదు.

"ఏంటే, కాలుగాలిన పిల్లిలా ఆ తిరుగుడు?" అన్నాడు అతను.

"ఏం లేదు. నువ్వు తిను," అంటూ అన్నం పెట్టబోయింది.

"మూడోసారి పెడుతున్నావు. నేను మనిషినా, గోతామా?"

ఆమె నవ్వలేదు. గరిటె పక్కన పెట్టి, మిషను దగ్గరికి వెళ్ళి, సొరుగు లాగి, చూసి, మళ్ళీ మూసేసింది. ఆ సొరుగులో నాలుగు కాగితాలున్నాయి. రేడియోవాళ్ళు ఇచ్చినవి. శనివారం పొద్దున పది గంటలకి ఆమె వాటిని మైకు ముందు చదవాలి.

రేడియో అంటే సైకిళ్ళ కొట్టు మీద రెండు గదులు. దాన్ని పెట్టి ఇరవై ఏళ్ళయింది. రిటైరైన భూగోళం మాస్టారు ఒకాయన, కాన్పుల ఆస్పత్రి నర్సమ్మ, రేడియోలు బాగుచేసే టైలరక్క అన్నయ్య, ఈ ముగ్గురూ కలిసి మొదలుపెట్టారు. జీతాలు లేవు. తీరిక దొరికినవాళ్ళు వచ్చి తాళం తీసి, మాట్లాడి, తాళం వేసి వెళ్ళడమే. పొద్దున బస్సుల వేళలు, ఆస్పత్రిలో టీకాల రోజులు, తప్పిపోయిన మేకపిల్లలు, దొరికిన గొడుగులు, మాస్టారి నదులూ కొండలూ. ఊరు ఊరంతా వినేది.

మొదట్లో ఆ గదిలో మాట్లాడితే నూతిలోంచి మాట్లాడినట్టు మోగేది. టైలరక్క వీధి వీధీ తిరిగి పాత దుప్పట్లు అడిగి తెచ్చి, నాలుగేసి పొరలు కలిపి బొంతలు కుట్టి గోడలకి వేలాడదీసింది. అప్పుడుగానీ ఆ గదికి గొంతు కుదురుకోలేదు. తరవాత మైకుకి గుడ్డ తొడుగు కుట్టింది, కుర్చీలకి దిండ్లు కుట్టింది, కిటికీకి తెర కుట్టింది. నాలుగేళ్ళపాటు ఆ గదిలో ఆమె చెయ్యి పడని వస్తువు లేదు. ఆమె మాట మాత్రం ఒక్కటీ గాలిలోకి వెళ్ళలేదు.

వెళ్ళాలని ఆమెకి ఉండేది. ఒకసారి ధైర్యం చేసి అడిగింది కూడా.

"నీ గొంతు కాస్త గరుకమ్మా," అన్నారు మాస్టారు, మెత్తగానే. "మైకుకి పడదు."

"దీని గొంతుకి మైకెందుకు మాస్టారూ! ఆ కిటికీ తీస్తే చాలు, ఊరంతా వినిపిస్తుంది," అన్నాడు అన్నయ్య. అందరూ పగలబడి నవ్వారు. ఆమె కూడా నవ్వింది. నవ్వక చస్తుందా.

చివరికి నాలుగో ఏట, ఒక బుధవారం పది గంటలకి పదిహేను నిమిషాలు ఇస్తామన్నారు. పాత బట్టల్ని కొత్తగా ఎలా మార్చుకోవాలో చెప్పమన్నారు. ఆమె గీతల పుస్తకంలో రాసుకుంది. బాగాలేదని చించేసి మళ్ళీ రాసుకుంది. ఇస్త్రీ బట్టలు కట్టుకుని తొమ్మిదిన్నరకే వచ్చి కూర్చుంది. పదికి ఐదు నిమిషాలుందనగా పోస్టాఫీసు పెద్దాయన మెట్లెక్కి వచ్చాడు. తపాలా బిళ్ళలు సేకరించడం గురించి మాట్లాడతానన్నాడు. మాస్టారికి కాదనే ధైర్యం లేదు.

"నీదేముందమ్మా, వచ్చే వారం చూద్దాంలే," అన్నారు.

అన్నయ్య హెడ్‌ఫోనుది చిరిగిపోయిన మెత్త ఒకటి తెచ్చి ఆమె ఒళ్ళో పడేశాడు. "ఖాళీగానే ఉన్నావుగా, ఇది కాస్త కుట్టిపెట్టవే."

ఆమె దాన్ని పట్టుకుని వసారాలోకి వచ్చింది. తలుపు పక్కన బల్ల మీద చిన్న రేడియోలో పోస్టాఫీసు పెద్దాయన గొంతు సవరించుకుంటున్నాడు. ఎదురుగా గోడ మీద, కిటికీలోంచి బయటికొచ్చి, మాటల్ని గాలిలోకి పంపే పై స్తంభానికి వెళ్ళే నల్లటి తీగ ఉంది. అన్నయ్య ఆ నెలలోనే స్వయంగా వేసిన కొత్త తీగ. ఆమె చేతిలో తోలు కుట్టే లావుపాటి సూది ఉంది. అరికాలి మంట నెత్తికెక్కింది. ఏం చేస్తున్నానన్న ఆలోచన లేకుండానే వేలి తొడుగుతో నొక్కి సూదిని ఆ తీగలోకి దించేసింది. అది వెన్నలోకి దిగినట్టు దిగింది. బయట మిగిలిన ముక్కని పుటుక్కున విరిచేసింది. "ప్రపంచంలో మొట్టమొదటి బిళ్ళ..." అంటూ ఉండగా రేడియో చప్పున మూగబోయింది.

ఒక్క రెప్పపాటు ఆమెకి ఎంత సంతోషం వేసిందో! ఆ వెంటనే లోపల్నుంచి కాలిన వాసన వచ్చింది. అన్నయ్య కుర్చీ తన్నుకుంటూ పరిగెత్తిన చప్పుడు వినిపించింది.

గంటసేపు నోరు మూతపడితే చాలనుకుంది. ప్రసార యంత్రం కాలిపోతుందని ఆమెకేం తెలుసు? అన్నయ్య కాలిన భాగం తీసి కొత్తది వేశాడు. అదీ కాలింది. మూడోది వేశాడు. అదీ కాలింది. నిద్రాహారాలు మాని యంత్రంలో ప్రతి అతుకూ విప్పి మళ్ళీ వేశాడు. తీగ జోలికి మాత్రం పోలేదు. ఆమె రోజూ పట్టకారు దాచుకుని వచ్చేది. ఎప్పుడు చూసినా వసారా నిండా మనుషులే. సానుభూతి చెప్పేవాళ్ళు కొందరు, సలహాలిచ్చేవాళ్ళు కొందరు. చెబుదామని రోజూ నోరు తెరిచేది. రోజు గడిచేకొద్దీ ఆ మాట బరువెక్కిపోయింది.

పదకొండో రోజున అందరూ కింద సైకిళ్ళ కొట్లో కూడారు, అన్నయ్యని మధ్యలో నిలబెట్టి. పైన ఆమె ఒక్కతే మిగిలింది. పట్టకారుకి సూది చిక్కలేదు. జారిపోయింది, మళ్ళీ జారిపోయింది. ఆఖరికి గోడకి మొహం ఆనించి పళ్ళతో పట్టి పీకింది. ముందుపన్ను అంచు విరిగింది గానీ సూది వచ్చింది. కిందికి వెళ్ళేసరికి అన్నయ్య కొట్లోంచి బయటికొస్తున్నాడు. మొహంలో నెత్తురు చుక్క లేదు.

"పద, ఇంటికి పోదాం," అన్నాడు. అంతే.

మర్నాడు పెద్ద ఊరినుంచి తెచ్చిన మెకానిక్కు వచ్చి భాగం మార్చాడు. రేడియో పలికింది. "చూశారా మరి!" అనుకున్నారు జనం. ఆ తరవాత ఊళ్ళో ఏది చెడినా "ఆయన చెయ్యి గానీ పడలేదుగా?" అనడం ఒక మాటైపోయింది. అన్నయ్య రేడియో కొట్టు మూసేశాడు. ఇప్పుడు బస్టాండు వెనక సందులో ఫ్యాన్లకీ మోటార్లకీ రాగితీగ చుట్టుకుంటున్నాడు. రేడియో ఊసెత్తితే లేచి అవతలికి పోతాడు.

అన్నయ్య రేడియో వదిలి వెళ్ళాక మనుషులు చాలక మాస్టారే ఆమెని పిలిచారు. బుధవారం పది గంటల కార్యక్రమం ఆమెది. పేరు 'అతుకు'. చిరిగిన జేబు గురించి అడగడానికి ఫోను చేసినవాళ్ళు రెండో నిమిషంలో కొడుకు మాట వినట్లేదని చెప్పుకునేవాళ్ళు. మైకుకి పడదన్న ఆ గరుకు గొంతునే జనం బస్సులో గుర్తుపట్టి సీటిచ్చేవాళ్ళు. పదహారేళ్ళు గడిచాయి. చేసిన పని అలవాటైపోయిందనుకుంది. ఈ కాగితాలు వచ్చాకగానీ అలవాటు కాలేదని తెలియలేదు.

కాగితాలు రాసింది కాలేజీలో పాఠాలు చెప్పే లెక్చరరమ్మ. ఇరవై ఏళ్ళ చరిత్ర అని, అందర్నీ అడిగి, పాత క్యాసెట్లు విని ఓపికగా రాసింది. మూడో కాగితం మధ్యలో ఈ మాట ఉంది: "నాలుగో ఏట మెకానిక్కు అజాగ్రత్త వల్ల యంత్రం కాలిపోయి, పదకొండు రోజులు ప్రసారం ఆగిపోయింది."

"ఈ ఒక్క మాటా తీసెయ్యకూడదా?" అని అడిగింది టైలరక్క గురువారం నాడు.

"మీ అన్నయ్యగారని కదా అక్కా?" అంది లెక్చరరమ్మ జాలిగా. "నాకూ కష్టంగానే ఉంది. కానీ చరిత్రన్నాక మంచీ చెడూ రెండూ ఉండాలి. అయినా పేరు రాయలేదుగా."

గొంతు బాగాలేదు, ఇంకెవరిచేతనైనా చదివించమని నర్సమ్మ దగ్గరికి పోయింది. ఇప్పుడు రేడియో పెద్ద నర్సమ్మే.

"ఏదీ, నోరు తెరువు," అని నర్సమ్మ ఆమె గొంతులోకి తొంగిచూసింది. "గుండ్రాయిలా ఉన్నావు. ఇంకెవరో చదివితే అది మన రేడియో చరిత్రెలా అవుతుందే? వేడినీళ్ళు తాగి పడుకో."

పడుకుంటే కదా. మింగలేక, కక్కలేక ఆ రాత్రల్లా ఇల్లంతా తిరిగింది. శుక్రవారం మధ్యాహ్నం కత్తెర బల్లమీద పడేసి, చెప్పులు ఎటువి అటు వేసుకుని బస్టాండు వెనక సందుకి నడిచింది.

అన్నయ్య ఫ్యాను మోటారుకి తీగ చుడుతున్నాడు. తల ఎత్తకుండానే ఆగమన్నట్టు చెయ్యి చూపించాడు. "నూట పన్నెండు... నూట పదమూడు..." చుట్లు తప్పితే మొదటికొస్తుంది. ఆమె గుమ్మంలో నిలబడింది. నూట ఇరవై దగ్గర స్టూలు మీద కూర్చుంది. నూట ముప్పై దగ్గర లేచింది. బయటికెళ్ళి మళ్ళీ లోపలికొచ్చింది. ఇక ఆగలేకపోయింది.

"అన్నయ్యా, యంత్రం నువ్వు కాల్చలేదు. నేనే. బయటి తీగలో సూది దించాను."

అతని చెయ్యి ఆగింది. పెదాలు మాత్రం "నూట నలభై ఒకటి" అన్నాయి. తలెత్తాడు.

"ఎక్కడ?"

"కిటికీ బయట. గొళ్ళేనికి జానెడు కింద."

"తీసేశావా?"

"పదకొండో రోజు తీశాను. మీరంతా కింద ఉన్నప్పుడు."

"అందుకా," అన్నాడు అతను తనలో తను. "అందుకా వానొస్తే రేడియో గొంతు బొంగురుపోతుంది! ఆ కన్నంలోంచి నీళ్ళు దిగుతున్నాయి. పదహారేళ్ళుగా ఏమిటా ఏమిటా అని..."

"నువ్వు రేడియో వింటున్నావా అన్నయ్యా?"

అతను తీగ ఉండని కింద పెట్టాడు. "కొత్త తీగ. నేనే వేశాను కదా, దానికేమవుతుందిలే అనుకున్నాను. అన్నీ విప్పి చూశాను. దాన్నొక్కదాన్నే చూడలేదు." కాసేపు అదే ఆలోచిస్తున్నట్టు కనిపించాడు. అప్పుడు అసలు మాట అతనికి ఎక్కింది. మొహం మారిపోయింది.

"అమ్మ పోయేముందు అడిగింది. ఏరా, నిజంగా నువ్వే కాల్చేశావా అని. నువ్వక్కడే ఉన్నావు. అమ్మ కాళ్ళు పడుతున్నావు."

"ఉన్నాను."

"నేనేమన్నానో గుర్తుందా?"

"ఏమో అమ్మా, కాల్చేశానేమో, అన్నావు."

"అన్నాను. నాకే నమ్మకం పోయింది. నా చేతుల మీద నాకే. అప్పుడు కూడా నోరు విప్పలేదు నువ్వు." అతని గొంతు పెరగలేదు. అరిచినా బాగుండుననిపించింది ఆమెకి. "ఎందుకు చేశావే?"

"నా పదిహేను నిమిషాలు ఇంకొకళ్ళకిచ్చారు. నువ్వు నవ్వావు. ఖాళీగా ఉన్నావుగా, కుట్టమన్నావు."

"నేనా? ఎప్పుడు?" అన్నాడు. అతనికి నిజంగానే గుర్తులేదు.

సందులో ఎవరో హారను కొట్టుకుంటూ పోయారు. ఆమె కొంగు అంచు వేలికి చుట్టి విప్పి, చుట్టి విప్పి, "ఇప్పుడు నేనేం చెయ్యాలో చెప్పు," అంది.

"నన్నడుగుతావేంటి? నా పరువు ఈ కొట్లో పోయిందా? ఊరందరి ముందూ పోయింది. వెళ్ళు, నాకు పనుంది."

అతను తీగ ఉండ తీసుకున్నాడు. లెక్క తప్పింది. చుట్టినదంతా విప్పి మొదటినుంచి మొదలుపెట్టాడు. "ఒకటి... రెండు..." ఆమె సందు మలుపు తిరిగేదాకా ఆ లెక్క వినిపిస్తూనే ఉంది.

శనివారం పదింటికి గది నిండా మనుషులు. మాస్టారికి ఎనభై దాటాయి. ఇద్దరు పట్టుకుని మెట్లెక్కించి కుర్చీలో కూర్చోబెట్టారు. నర్సమ్మ పూలచీర కట్టుకొచ్చింది. గాజు పలక అవతల మీటల దగ్గర లెక్చరరమ్మ కూర్చుని వేలెత్తి సైగ చేసింది. టైలరక్క మొదటి కాగితం చదివింది. దుప్పట్లు పోగుచేసిన సంగతి వచ్చినప్పుడు అందరూ ఆమెకేసి చూసి నవ్వారు. రెండో కాగితం చదివింది. మూడో కాగితం సగంలో ఆగింది. కాగితాలు బోర్లించింది.

"ఇక్కడ ఒక తప్పు రాసుంది," అంది మైకులో. "రాసినావిడ తప్పు కాదు. ఆవిడకి అందరూ అలాగే చెప్పారు. యంత్రం మెకానిక్కు కాల్చలేదు. మా అన్నయ్య కాల్చలేదు. నేను కాల్చాను. వసారాలో తీగలోకి తోలు సూది దించి, తల విరిచేశాను. ఆ రోజు నాకు మాట్లాడే వంతు రాలేదని కోపం. పదకొండు రోజులు మీ అందరి రేడియో మూగబోయింది. మా అన్నయ్య చేతిలో పనితనం పోయిందని మీరంతా అనుకున్నారు, నేను అనుకోనిచ్చాను. పదహారేళ్ళు ప్రతి బుధవారం మీతో మాట్లాడాను, ఇదొక్కటి తప్ప అన్నీ మాట్లాడాను. ఆయన దగ్గర రేడియోలు బాగుచేయించుకోవడం మానేసినవాళ్ళు ఎవరైనా వింటుంటే, ఆయన చేతిలో ఏ లోపమూ లేదు. ఇదే నేను చెప్పాల్సింది."

లెక్చరరమ్మ చెయ్యి మీట మీద అలాగే ఉండిపోయింది, తిప్పాలో వద్దో తెలియక. టైలరక్క కాగితాలు తిరగేసి, ఆ మాట వదిలేసి, నాలుగో కాగితం చివరిదాకా చదివింది. ఎలా చదివిందో ఆమెకే తెలియదు.

ఫోను మోగడం మొదలైంది. మొదట ఒకావిడ తిట్టింది. "ఆ పదకొండు రోజులూ మంచంలో ఉన్న మా నాన్న రేడియో పలకడం లేదని పిల్లాడిలా ఏడ్చాడు. నీకేం తెలుసు?" అంది. టైలరక్క చివరిదాకా వింది. ఇంకొకామె, బుధవారం కార్యక్రమం ఉంటుందా ఉండదా, తన పాత కోటు మార్చి కుట్టుకునే సంగతి పోయిన వారం సగంలో ఆగింది అని అడిగింది. మూడో ఫోను పోస్టాఫీసు పెద్దాయనది. ఎప్పుడో రిటైరయ్యాడు.

"నా ఉపన్యాసం మొదటి బిళ్ళ దగ్గరే ఆగిందమ్మా. మిగతాది ఎప్పుడు చెప్పమంటారు?" అన్నాడు. గదిలో ఎవరో కిసుక్కున నవ్వి, వెంటనే నోరు మూసుకున్నారు.

మధ్యాహ్నం సైకిళ్ళ కొట్లో కూర్చుని వాదులాడుకున్నారు. ఆమెని రేడియోలోంచి పూర్తిగా తీసెయ్యాలన్నవాళ్ళున్నారు. పోనీలే అన్నవాళ్ళున్నారు. మాస్టారు చేతికర్ర నేలమీద పొడుస్తూ, "గొంతు గరుకని అన్నది నేనే కదా," అన్నారు.

"మీరన్న మాటకీ నేను చేసినదానికీ లంకె పెట్టకండి మాస్టారూ," అంది టైలరక్క. "అదీ ఇదీ ఒకటి కాదు."

చివరికి నర్సమ్మ తేల్చింది. "మూడు నెలలు మైకు ముందుకి రావద్దు. తరవాత చూద్దాం." చెప్పేసి, ఆ పూటే తను బస్టాండు వెనక సందుకి వెళ్ళింది. క్షమాపణ చెప్పడానికి పోతే, అతను సగంలోనే ఆపేశాడట. "తీగ మార్చాలి," అన్నాడట.

ఆ మంగళవారం అతను పనిముట్ల సంచితో మెట్లెక్కి వచ్చాడు. పదహారేళ్ళ తరవాత. టైలరక్క పక్కగదిలో లెక్చరరమ్మకి సాయంగా పాత క్యాసెట్లు తుడిచి చీటీలు అంటిస్తోంది. అతను ఆమె ముందునుంచే, అక్కడ గోడ తప్ప ఎవరూ లేనట్టు, దాటి వెళ్ళాడు. పాత తీగ మొత్తం పీకేసి కొత్తది వేశాడు. పై వారం మళ్ళీ వచ్చాడు. ఆ పై వారమూ వచ్చాడు. యంత్రంలో ఏదో గుయ్యిమనే చప్పుడుందని, అది పోయేదాకా వస్తానని నర్సమ్మకి చెప్పాడు. టైలరక్క అన్నయ్య ఇంటికి వెళితే వదిన పలకరించేది, కూర్చోమనేది. అతను మాత్రం లేచి దొడ్లోకి పోయేవాడు.

ఊళ్ళో ఒకరిద్దరు పాత రేడియోలు అటకమీంచి దించి అతని కొట్టుకి తీసుకెళ్ళారని ఆమె వింది. అతను తీసుకున్నాడో లేదో ఎవరూ చెప్పలేదు. బుధవారం పదయ్యేసరికి ఆమె కాళ్ళు వాటంతటవే మైకు గది తలుపుదాకా పోయేవి. అక్కడ ఇంకెవరిదో గొంతు వినిపించేది. వెనక్కొచ్చి, అంటించిన చీటీలే మళ్ళీ సరిచేసేది. కుట్టుపనిలో మళ్ళీ చెయ్యి కుదిరింది గానీ మనిషి కుదుటపడలేదు. లారీ డ్రైవరు వచ్చిన రోజుల్లో ఆమెకంటే ముందే లేచి తిరిగేవాడు, ఆమెని చూసి చూసి అతనికీ ఆ జబ్బు అంటుకుంది.

ఐదో మంగళవారం లెక్చరరమ్మ రాలేదు. గదుల్లో అన్నాచెల్లెళ్ళిద్దరే ఉన్నారు, అవతలి గదిలో బస్సుల వేళలు చదువుతున్న మనిషి తప్ప. అన్నయ్య యంత్రం వెనక మూలలోకి దూరి మోకాళ్ళమీద ఉన్నాడు. నోట్లో టార్చిలైటు. అది జారి రెండుసార్లు కింద పడింది. మూడోసారి పడ్డాక దాన్ని తియ్యలేదు.

"ఆ టార్చి పట్టుకో," అన్నాడు, గోడకేసి తిరిగే.

టైలరక్క చుట్టూ చూసింది. ఇంకెవరూ లేరు. వెళ్ళి అతని పక్కన మోకాళ్ళమీద కూర్చుని టార్చి తీసుకుంది. వెలుతురు గోడమీదికి పోయింది.

"కదపకు."

"కదపట్లేదు."

"ఇంకాస్త ఎడమకి." ఆమె జరిపింది. "నీ ఎడమ కాదు, నా ఎడమ."

ఆమె అటు తిప్పింది. మోకాళ్ళు నొప్పి పుడుతున్నాయి, మెడ పట్టేసింది. అతను ఇంకో మాట అంటాడేమోనని చూసింది. అతను తలవంచి సన్నటి తీగనొకదాన్ని వేళ్ళతో వెతుకుతున్నాడు. అవతలి గదిలో పదకొండు గంటల బస్సు ఆలస్యమని చదువుతున్నారు. ఆమె రెండో చేత్తో మణికట్టు పట్టుకుని, టార్చి కదలకుండా అలాగే పట్టుకుంది.